పసుపే కదా అని...

మా పెద్దమ్మ వాళ్లది దుగ్గిరాల పక్కన పల్లె. పసుపు యార్డున్న ఊరికి కూతవేటు దూరం. ఆ ఇంట్లో పసుపు కొనడమన్నది నేనెప్పుడూ చూడలేదు. కొమ్ములు తెచ్చి, ఎండబెట్టి, మర పట్టించి, బంధువులందరికీ తలా ఓ డబ్బా పంపించడమే తెలుసు. అలాంటి ఇంటికి మూడేళ్ల కిందట అమెరికా నుంచి పసుపు వచ్చింది. సీసాలో... మాత్రల రూపంలో!

న్యూజెర్సీలో ఉండే మా చిన్నన్నయ్య తెచ్చాడు. వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పులు. నొప్పి మాత్రలు వేసుకోవద్దని గుండె డాక్టరు గట్టిగా చెప్పాడు. మరి పసుపు మందు కాదు కదా! పైగా సీసా మీద ‘వంద శాతం సహజం’ అని రాసుంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ‘మన పసుపు విలువ మనకంటే వాళ్లకే బాగా తెలుసు’ అని ఊళ్లో అందరికీ చూపించుకుంది పెద్దమ్మ. నేనూ సంతోషించినదాన్నే. ఆరోగ్యం పేజీలు రాసే నాకే అనుమానం రాలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెద్దమ్మ గుండెలో ఒక లోహపు కవాటం ఉంది. చిన్నప్పుడు కీళ్లవాతపు జ్వరం వచ్చి, అది గుండె కవాటాన్ని దెబ్బతీస్తే, నలభై ఎనిమిదో ఏట ఆపరేషన్ చేసి మార్చారు. మన పల్లెల్లో ఇలాంటివాళ్లు తక్కువేం లేరు. కవాటం మార్చిన రోజు నుంచీ ప్రతి సాయంత్రం ఒక చిన్న మాత్ర. అందరూ ‘రక్తం పల్చబడే మాత్ర’ అంటారు. లోహపు కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా అదే కాపలా. అది మానేయడానికి లేదు, ఎక్కువ తక్కువలు చేయడానికీ లేదు.

పసుపు మాత్రలు మొదలుపెట్టిన మూడో వారంలో పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. ‘కొత్త బ్రష్షు గట్టిగా ఉంది’ అంది. ఆ తర్వాత మోచేతి మీద అరచేయంత కమిలిన మచ్చ. ‘మంచం కోడు తగిలిందేమో’ అంది. ఓ రోజు పొద్దున ముక్కులోంచి మొదలైన రక్తం గంటైనా ఆగలేదు. పెద్దన్నయ్య కారులో వేసుకుని గుంటూరు పరుగెత్తాడు. రక్త పరీక్ష చేశారు. నెలల తరబడి మూడు దగ్గర కదలకుండా ఉన్న అంకె, ఎనిమిది దాటింది.

‘‘కొత్తగా ఏమైనా మందులు వాడారామ్మా?’’ అని డాక్టరు అడిగాడు. ‘‘ఏం లేదు నాయనా’’ అంది పెద్దమ్మ. ‘‘యాంటీబయాటిక్? నొప్పి మాత్ర?’’ ‘‘అబ్బే!’’ ‘‘నాటు మందులేమైనా?’’ ‘‘నాకెందుకు నాయనా నాటు మందులు!’’

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో పసుపు మందు కాదు. రాత్రి ఆసుపత్రి మంచం మీద అన్నం తిన్నాక మా వదినను పిలిచి, ‘‘ఒసేవ్, ఆ పసుపు సీసా సంచిలో పెట్టావా లేదా? వేళ దాటిపోతోంది’’ అని అడిగినప్పుడు గానీ సంగతి బయటపడలేదు. పక్క మంచం దగ్గరున్న నర్సు చెవిన పడింది కాబట్టి సరిపోయింది.

వంటింటి పసుపు వేరు... సీసాలో పసుపు వేరు

ఇదంతా విన్నాక మీకు వెంటనే ఒక అనుమానం రావాలి. నాకూ వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పప్పులో, పులుసులో, చేపల కూరలో పసుపు తింటూనే ఉందిగా పెద్దమ్మ. పదేళ్లుగా ఆ మాత్ర వేసుకుంటూనే ఉంది. అప్పుడు రాని తంటా ఇప్పుడెందుకొచ్చింది?

జవాబు లెక్కల్లో ఉంది. పసుపులో అసలు సరుకు కర్‌క్యుమిన్. రకాన్ని బట్టి మారినా, మామూలుగా అది వందకు మూడు పాళ్ల చుట్టూ ఉంటుంది. మాత్రల్లో వాడేది పసుపు పొడి కాదు, అందులోంచి తీసిన సారం. అందులో కర్‌క్యుమిన్ తొంభై అయిదు శాతం దాకా ఉంటుంది. అంటే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి సుమారు 16 గ్రాముల పసుపుకి సమానం. రోజుకు రెండంటే ముప్పై గ్రాముల పైమాటే. నలుగురున్న ఇంట్లో ఒక చెంచా పసుపుతో రోజు వంటంతా గడిచిపోతుంది. పెద్దమ్మ ఒక్కతే రోజుకు పది చెంచాల పసుపు సారం మింగింది.

అంతటితో అయిపోలేదు. పసుపు ఒంటికి సరిగా పట్టదు. తిన్నదాంట్లో ఎక్కువ భాగం రక్తంలోకి వెళ్లకుండానే బయటికి పోతుంది. అందుకని మాత్రలు తయారుచేసేవాళ్లు అందులో మిరియాల సారం కలుపుతారు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. మిరియాల్లోని పైపరిన్‌ను కాస్త కలిపితే, మనుషుల రక్తంలోకి చేరే కర్‌క్యుమిన్ ఇరవై రెట్లయింది. మన మీద తీసిన లెక్కే అమెరికా సీసాల మీద గొప్పగా అచ్చయింది. అయితే ఆ పైపరిన్ పసుపొక్కదాన్నే లోపలికి పంపి ఊరుకోదు. మందుల్ని విరగ్గొట్టి బయటికి పంపే కాలేయపు పనినీ మందగింపజేయగలదు. అప్పుడు పక్కనున్న మాత్ర కూడా ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోయే అవకాశం ఉంటుంది.

న్యూజిలాండ్ ఔషధ నియంత్రణ సంస్థ 2018లో సరిగ్గా ఈ విషయం మీదే ఒక హెచ్చరిక జారీ చేసింది. అక్కడ వార్ఫరిన్ వాడుతూ నిలకడగా ఉన్న ఒక రోగి పసుపు సారం ఉన్న మందు మొదలుపెట్టాక, రక్తపరీక్ష అంకె పది దాటిపోయింది. ఏ క్షణాన ఎక్కడ రక్తస్రావమవుతుందో చెప్పలేని స్థాయి అది.

పెద్దమ్మను చూసిన డాక్టరు మాత్రం నిజాయితీగా ఒక మాటన్నాడు. ‘‘పసుపు మాత్రలే కారణమని నేను కోర్టులో రుజువు చేయలేనమ్మా. కానీ మిగతా ఏదీ మారలేదు, ఇదొక్కటే మారింది.’’ మాత్రలు ఆపేసి, రక్తం మాత్రను రెండు రోజులు నిలిపి, విటమిన్-కె కొద్ది మోతాదులో ఇచ్చారు. ఎక్కువ ఇచ్చి ఒక్కసారే అంకెను దించేయవచ్చు కదా అని అన్నయ్య అడిగాడట. దించితే గడ్డకట్టడం మొదలవుతుంది, లోహపు కవాటం మీద చిన్న గడ్డ చాలు, అది మెదడుకు పోతే పక్షవాతం అన్నాడట డాక్టరు. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి. ఆ రెండు రోజులూ మా ఇళ్లల్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు.

ఇంతకీ ఆ అంకె ఏమిటి?

ఐఎన్‌ఆర్ అంటారు. ఈ మాత్రలు వాడే ఇళ్లల్లో చదువు రానివాళ్లకు కూడా ఈ మూడక్షరాలు నోటికొచ్చు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే కొలత. ఏ మందూ వాడని మనిషికి ఒకటి దగ్గర ఉంటుంది. గుండె లయ తప్పినవాళ్లకు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లకు మామూలుగా రెండు, మూడు మధ్యలో ఉంచుతారు. పెద్దమ్మ లాగా గుండెలో మిట్రల్ కవాటం లోహంతో మార్చినవాళ్లకు సాధారణంగా ఇంకో అర పాయింటు పైకి... రెండున్నర, మూడున్నర మధ్య. మీ అంకె ఎంత ఉండాలో మీ డాక్టరే చెప్పాలి. అది తగ్గితే గడ్డలు, పెరిగితే రక్తస్రావం. గట్టు సన్నం.

మాత్ర పనిచేసే తీరు వంటింటి భాషలో చెప్పుకుందాం. పాలు పెరుగవ్వాలంటే తోడు వేయాలి కదా. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన పదార్థాలు కాలేయంలో తయారవ్వాలంటే విటమిన్-కె అలాంటి తోడు. వార్ఫరిన్, మన దగ్గర ఎక్కువగా వాడే ఎసిట్రోమ్ లాంటి మాత్రలు ఆ తోడు మళ్లీ మళ్లీ పనికి రాకుండా అడ్డుపడతాయి. అంతే. రక్తాన్ని నీళ్లలా పలుచన చేయడం ఏమీ ఉండదు. పేరు అలా స్థిరపడిపోయింది. మరో సంగతి, దీని ప్రభావం వెంటనే కనిపించదు. ఇవాళ చేసిన మార్పు రక్తపరీక్షలో తెలియడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ‘నిన్న తాగాను, ఏమీ కాలేదే’ అనుకోవడం అందుకే ప్రమాదం.

గడ్డి తిని చచ్చిపోయిన ఆవులు

‘చెట్టు మందుకి చెరుపు లేదు’ అనేవాళ్లకు నేనో కథ చెబుతుంటాను. 1920లలో అమెరికా ఉత్తరాదిన, కెనడాలో పశువులు ఉన్నట్టుండి చచ్చిపోవడం మొదలైంది. కొమ్ములు కోస్తే రక్తం ఆగేది కాదు. చిన్న దెబ్బకే లోపల్లోపల రక్తస్రావమై కూలబడిపోయేవి. రోగమూ లేదు, పురుగూ లేదు. చివరికి తేలిందేమిటంటే, అవి తిన్నది స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసం. మన రైతులు పిల్లిపెసర, జనుము చల్లినట్టు అక్కడివాళ్లు పశువులకోసం వేసుకునే పచ్చిమేత. ఎండబెట్టిన గడ్డికి తడి తగిలి బూజు పడితే, అందులో ఉన్న కూమరిన్ అనే పదార్థం ఇంకో రూపం దాల్చేది. రక్తాన్ని గడ్డకట్టనివ్వని రూపం.

1933 ఫిబ్రవరిలో ఎడ్ కార్ల్‌సన్ అనే ఒక రైతు, విస్కాన్సిన్ రాష్ట్రంలో మంచు తుపాను కురుస్తుంటే ట్రక్కు మీద వందల కిలోమీటర్లు నడుపుకుంటూ మాడిసన్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. ట్రక్కులో ఒక చనిపోయిన పెయ్య, బూజు పట్టిన గడ్డి, ఒక క్యాను నిండా గడ్డకట్టని రక్తం. రోజంతా తిరిగి చివరికి కార్ల్ పాల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాల తలుపు తట్టాడు. ఆ రక్తాన్ని పట్టుకుని లింక్ బృందం ఆరేళ్లు కుస్తీపట్టి, 1939లో అసలు పదార్థాన్ని వేరు చేసింది. దాని వరసలోనే పుట్టిన బలమైన తమ్ముడు వార్ఫరిన్. పరిశోధనకు డబ్బు పెట్టిన విస్కాన్సిన్ పూర్వ విద్యార్థుల సంస్థ పేరులోని అక్షరాలే ముందు పెట్టి ఆ పేరు చేశారు. 1948లో ముందుగా ఎలుకల మందుగా అమ్మారు. 1954లో మనుషులకు మందయింది. ఆ మరుసటేడు గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కే ఇచ్చారు.

అంటే ఏమిటి? ‘ఇంగ్లీషు మందు’ అని మనం దూరం పెట్టేది ఒక గడ్డిపోచలోంచి పుట్టింది. పచ్చిది తిన్న ఆవుకు బలం, బూజు పట్టింది తిన్న ఆవుకు చావు. చెట్టుదా, ఫ్యాక్టరీదా అని కాలేయం అడగదు. వచ్చిన పదార్థమేంటి, ఎంత వచ్చింది, పక్కన ఇంకేముంది... అది చూసుకునేవి ఇవే.

పార్కు గేటు దగ్గర పచ్చరసం

పసుపు అంకెను పెంచింది. దించేవీ ఉన్నాయి. అవి ఇంకా మోసగాళ్లు, ఎందుకంటే రక్తం కారదు, మచ్చలు పడవు, ఏమీ కనిపించదు.

మా కాలనీలో ఒక రిటైర్డ్ లెక్చరర్ ఉన్నారు. గుండె లయ తప్పుతోందని రెండేళ్లుగా వార్ఫరిన్ వాడుతున్నారు. పొద్దున్నే నడకకు వెళ్లే పార్కు గేటు దగ్గర, హైదరాబాద్‌లో ఏ పార్కు దగ్గరైనా ఉన్నట్టే, ఒక రసాల బండి. గోధుమ గడ్డి రసం, కాకర రసం, మునగాకు రసం, కలిపి కొట్టిన ఆకుల రసం. స్నేహితులు తాగుతుంటే మాస్టారూ మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి ఐఎన్‌ఆర్ ఒకటిన్నరకు దిగింది.

ఆకుకూరల్లో విటమిన్-కె దండిగా ఉంటుంది. తోటకూర, పాలకూర, మునగాకు, మెంతికూర... అన్నిట్లో. ఆ మాత్ర అడ్డుకుంటున్నది సరిగ్గా ఆ విటమిన్‌నే. ఒక గ్లాసు రసం కోసం ఒక పెద్ద కట్ట ఆకు నలగ్గొడతారు. మాత్ర ఒక పక్క గడ్డకట్టకుండా లాగుతుంటే, గ్లాసు రెండో పక్కకు లాగుతుంది.

డాక్టరుకు రసం సంగతి తెలియదు. అంకె దిగిందని మాత్ర మోతాదు పెంచాడు. తన లెక్క ప్రకారం ఆయన చేసింది సరైనదే. రెండు వారాలకు అంకె మళ్లీ దారిలోకొచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అసలు కథ అక్కడే మొదలైంది. మాస్టారు మనవరాలి పుట్టినరోజుకని బెంగళూరులో కూతురింటికి వెళ్లి నెల ఉన్నారు. అక్కడ పార్కూ లేదు, బండీ లేదు, రసమూ లేదు. పెంచిన మాత్ర మాత్రం సంచిలో ఉంది. ఎదురులాగే చేయి వదిలేస్తే తాడు లాగేవాడు వెల్లకిలా పడతాడు కదా... పదిహేను రోజులకు మూత్రం కాఫీ రంగులో వచ్చింది. కూతురు కంగారుపడి ఆసుపత్రికి తీసుకెళ్తే ఐఎన్‌ఆర్ ఏడు.

చూశారా, రసం తాగినప్పుడు కాదు, మానేసినప్పుడు దెబ్బకొట్టింది. ఇలాంటప్పుడు ‘మీరేం కొత్తగా తీసుకున్నారు’ అని అడిగినా ప్రయోజనం ఉండదు. ‘ఏం మానేశారు’ అని కూడా అడగాలి.

అలాగని ఆకుకూరలే మానేయకండి. చాలామంది చేసే తప్పు అది. ‘గుండె మాత్ర వేసుకుంటున్నాను, గోంగూర కూడా ముట్టను’ అని నోరు కట్టేసుకున్న గుంటూరు మనిషిని నేనొకరిని చూశాను... పాపం! కావాల్సింది మానడం కాదు, నిలకడ. వారానికి మూడు రోజులు తినే అలవాటుంటే మూడు రోజులే తినండి. మీ మాత్ర మోతాదు మీ తిండిని లెక్కలో వేసుకునే నిర్ణయమై ఉంటుంది. ఏడాదంతా తినకుండా కార్తీక మాసంలో ఒక్కసారి ఆకుల మీద పడటం, ఏడాదంతా తిని ఒక్కసారి మానేయడం... ఈ రెండే వద్దు.

ఇంకేమేమిటంటే...

పేర్లన్నీ ఒక్క పట్టీలో చెప్పేస్తే బాగుండేది కానీ, అన్నిటి మీదా సాక్ష్యం ఒకేలా లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. వెల్లుల్లి కూరలో వేసుకుంటే భయం లేదు. ‘కొలెస్ట్రాల్ కరుగుతుంది’ అని పొద్దున్నే పచ్చిరేకలు గుప్పెడు మింగడం, సారం క్యాప్సూళ్లు వాడటం వేరు. 1990లో అమెరికా వైద్యులు ఒక పెద్దాయన గురించి రాశారు. వయసు 87. ఏ రక్తం మాత్రా వాడటం లేదు. వెల్లుల్లి మాత్రం రోజూ బాగా తినేవాడు. వెన్నెముకలో దానంతటదే రక్తస్రావమైంది. వెల్లుల్లి ఎక్కువైతే రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కునే గుణం తగ్గుతుంది. స్టెంటు వేశాక ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు ఇది ముఖ్యం, ఎందుకంటే ఆ మాత్రలు చేసే పనీ అదే. పైగా వాటికి ఐఎన్‌ఆర్ లాంటి అంకె లేదు. ‘నాకు ఐఎన్‌ఆర్ పరీక్ష రాయలేదు కాబట్టి నాకేం కాదు’ అనుకోకూడదు.

మెంతుల్ని మరో మూలికతో కలిపి వాడిన వార్ఫరిన్ రోగి ఐఎన్‌ఆర్ పెరిగిందని 2001లో వైద్య పత్రికకెక్కింది. ఇది ఒక్క మనిషి కథే. షుగరుకని నానబెట్టిన మెంతులు రోజూ తాగేవాళ్లు భయపడక్కర్లేదు గానీ, డాక్టరు చెవిన వేయాలి. జ్ఞాపకశక్తికని అమ్మే గింకో, అల్లం గురించి హెచ్చరికలు ఎక్కువే వినిపిస్తాయి. అయితే ఆస్ట్రేలియాలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు వార్ఫరిన్‌తో కలిపి ఇచ్చి చూస్తే తేడా కనిపించలేదని 2005లో వచ్చింది. అదే బృందం సెయింట్ జాన్స్ వోర్ట్ అనే దిగులు పోగొట్టే మూలికను పరీక్షిస్తే మాత్రం వార్ఫరిన్ బలం తగ్గిపోయింది. కాలేయం మందును త్వరత్వరగా బయటికి పంపేయడమే కారణం. ఇది మన దగ్గర అంతగా దొరకదు కానీ, అమెరికా మందుల షాపుల్లో చీటీ అక్కర్లేకుండా దొరుకుతుంది. పిల్లల దగ్గరికెళ్లి నాలుగ్గోడల మధ్య దిగులుపడే అమ్మానాన్నలకు ‘మూలికే కదా’ అని కొనిచ్చేవాళ్లు గుర్తుంచుకోవాలి. మూత్రంలో మంట అనగానే అందించే క్రాన్‌బెర్రీ రసం మీద కూడా 2003లో బ్రిటన్ ఔషధ భద్రత సంఘం వార్ఫరిన్ వాడేవాళ్లను హెచ్చరించింది.

ఇప్పుడు కొత్త మాత్రలొచ్చాయి. డాబిగాట్రాన్, రివరోక్సబాన్, ఎపిక్సబాన్. ఆకుకూరల గొడవ లేదు, నెలనెలా రక్తపరీక్ష లేదు. హాయే. కాకపోతే సెయింట్ జాన్స్ వోర్ట్ లాంటివి వీటి బలాన్నీ తగ్గించగలవు. నెలనెలా పరీక్ష లేదంటే ముందుగా గంట కొట్టేవాడూ లేడని అర్థం. అన్నట్టు, పెద్దమ్మ లాంటి లోహపు కవాటం వాళ్లకు ఇవి పనికిరావు. డాబిగాట్రాన్‌ను వాళ్ల మీద పరీక్షిస్తే గడ్డలూ రక్తస్రావాలూ ఎక్కువై, ఆ పరీక్షనే మధ్యలో ఆపేశారు. ‘పక్కింటాయన కొత్త మాత్రకు మారాడు, మనమూ మారదాం’ అని సొంతంగా మారకండి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది మాత్రం పేరు లేని పొడి. ‘మోకాళ్ల నొప్పులు మూడు రోజుల్లో మాయం’ అంటూ కాగితంలో పొట్లం కట్టిచ్చేది. దాంట్లో ఏముందో ఇచ్చేవాడికే తెలియాలి. మూడు రోజుల్లో నొప్పి నిజంగానే మాయమైతే ఇంకా ఎక్కువ అనుమానించాలి. 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ‘ఆర్ట్రి కింగ్’ పేరుతో కీళ్లనొప్పులకు అమ్ముతున్న ‘సహజ’ మాత్రల్ని పరీక్షిస్తే, పైన రాయని డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ బయటపడ్డాయి. మొదటిది నొప్పి మాత్ర, రెండోది స్టెరాయిడ్. రక్తం మాత్ర వేసుకునేవాళ్ల కడుపులో ఆ రెండూ పడితే పేగుల్లో పుండ్లు, రక్తస్రావం. డాక్టరు ఏ నొప్పి మాత్రను వద్దన్నాడో, అదే మూలిక వేషం వేసుకుని ఇంట్లోకొస్తుందన్నమాట.

ఎందుకు చెప్పరు?

ఈ వ్యాసం కోసం నేను మాట్లాడినవాళ్లందరినీ అడిగిన ప్రశ్న ఇదొక్కటే. జవాబులు దాదాపు ఒకేలా ఉన్నాయి. ‘‘చెబితే తిడతాడండీ.’’ ‘‘అన్నీ మానేయమంటాడు.’’ ‘‘అడగలేదుగా!’’ చివరిది నిజం. బయట యాభైమంది కూర్చుని ఉంటే, ఒక్కొక్కరికి దక్కేది మూడు నిమిషాలు. అందులో ‘కషాయాలేమైనా తాగుతున్నారా’ అనే ప్రశ్నకు చోటుండదు. తాగుతున్నానని చెప్పిన పాపానికి అందరి ముందూ గద్దించిన డాక్టర్ల గురించి కూడా విన్నాను. ఒకసారి గద్దింపు తిన్న మనిషి రెండోసారి నోరు విప్పదు. అటు ఆయుర్వేద వైద్యుడి దగ్గరికెళ్లినప్పుడు ‘గుండె మాత్ర వాడుతున్నా’ అని చెప్పనివాళ్లూ అంతే ఉన్నారు. చదువుకున్న ఆయుర్వేద డాక్టరైతే ముందు అదే అడుగుతాడు, చీటీ చూపించమంటాడు. చూపించమననివాడి దగ్గర మందు తీసుకోకపోవడం మంచిదని నా అభిప్రాయం.

కాబట్టి చెప్పే బాధ్యత ఇంట్లోవాళ్లదే. కొత్తది ఏది మొదలుపెట్టాలన్నా ముందు డాక్టరుకు ఒక్క ఫోను. అప్పటికే మొదలుపెట్టేసి ఉంటే దాచకుండా చెప్పి, వారంలోపు ఐఎన్‌ఆర్ చేయించుకోవడం. మానేసినప్పుడూ అంతే. పన్ను పీకించుకునే ముందు, కంటి ఆపరేషన్ ముందు, మాత్రలతో పాటు సారాలూ పొడులూ కూడా చెప్పాలి. భయపడి రక్తం మాత్రను మాత్రం సొంతంగా ఆపకండి, అది ఇంకా పెద్ద ప్రమాదం. మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం రంగు మారినా, తలకు దెబ్బ తగిలినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా... ఉదయం దాకా చూద్దామనుకోకుండా ఆసుపత్రికి వెళ్లిపోవాలి.

మొన్న సంక్రాంతి తర్వాత పెద్దమ్మను చూపించడానికి నేనే గుంటూరు తీసుకెళ్లాను. చేతిలో ఒక గుడ్డ సంచి. వదిన కుట్టిచ్చింది. డాక్టరు ముందు కూర్చోగానే ఆ సంచి బల్ల మీద బోర్లించింది. సాయంత్రం మాత్ర, బీపీ మాత్ర, వాము సీసా, త్రిఫల చూర్ణం, కాళ్లకు రాసుకునే నూనె, ఎవరో తిరుపతి నుంచి తెచ్చిచ్చిన ఏదో వేరు, చివర్న కాగితంలో చుట్టిన శొంఠి కొమ్ము. బయట జనం ఎదురుచూస్తున్నా ఆయన నవ్వుతూ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశాడు. వేరు పక్కన పెట్టేశాడు. చూర్ణం మోతాదు అడిగి రాసుకున్నాడు. మిగతావి ఆమె వైపు జరిపాడు.

‘‘అంకె రెండు పాయింటు తొమ్మిది. బాగుందమ్మా’’ అన్నాడు.

పెద్దమ్మ సంచి సర్దుకుంటూ లేవబోయి, మళ్లీ కూర్చుంది.

‘‘నాయనా, పప్పులో పసుపు వేసుకోవచ్చా?’’

‘‘వేసుకోండమ్మా. ఎప్పుడూ వేసుకునేంత.’’

‘‘మరి మీకో డబ్బా పంపిస్తాను. మాది దుగ్గిరాల పసుపు’’ అంది.